అమ్మమ్మ లేసు వెతుక్కుంటూ: కోనసీమలో ఐదు రోజులు

మేము తిరిగి వచ్చి వారం కావస్తోంది. అమ్మ తెచ్చిన కొబ్బరికాయలు వంటింటి మూలన ఇంకా అలాగే ఉన్నాయి. జ్ఞాపకం పలచబడకముందే చూసినదీ విన్నదీ వరుసగా రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

అమ్మమ్మ పోయిన ఏడాది ఫిబ్రవరి 5న, పుష్య బహుళ దశమి నాడు, తన 87వ ఏట, రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న తన లంక ఊళ్ళోనే కన్నుమూసింది. ఈ ఏడు ఆ తిథి జనవరి 24న వచ్చింది. సంవత్సరీకానికి అమ్మతో కలిసి నేనూ బయలుదేరాను. వెళ్ళేటప్పుడు నా మనసులో ఒక కోరిక ఉంది. 1974లో తాతయ్య పోయాక అమ్మమ్మ నలభై ఏళ్ళకు పైగా లేసు అల్లి ముగ్గురు పిల్లల్ని చదివించింది. ఆ చేతులతో అల్లిన లేసు ముక్క ఒక్కటైనా తెచ్చి, హైదరాబాదులో మా ఇంటి గోడకు అద్దం కట్టించి పెట్టుకోవాలనుకున్నాను. అడిగితే అమ్మ కాసేపు ఆలోచించి, "మన ఇంట్లో లేసు ఎప్పుడూ చూసిన గుర్తు లేదే" అంది. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

జనవరి 22, బుధవారం: ధవళేశ్వరం, ఆత్రేయపురం, ఒక తప్పు గట్టు

రాజమండ్రిలో దిగి రాజోలు వరకు కారు మాట్లాడుకున్నాము. 3,200 రూపాయలకు కుదిరింది. ధవళేశ్వరం దగ్గర అమ్మ కారు ఆపమంది. బ్యారేజీకి ఎగువన నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి, దిగువన ఇసుక తిన్నెల మీద కొంగలు వాలి ఉన్నాయి. కాటన్ దొర ఆనకట్ట కట్టించడం 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తరువాత కట్టినది. గోదావరి డెల్టాలో ఆయనకు తర్పణం విడిచే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళలో అమ్మమ్మ ఒకతె. ఏటిలో మునిగినప్పుడల్లా అత్తమామలకు, తాతయ్యకు విడిచాక, చివరగా "దొరగారికి" అని ఒక దోసెడు నీళ్ళు వదిలేది. "ఆయన మనకేమవుతాడమ్మమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే, "అన్నం పెట్టినవాడు ఏమవుతాడో అదే అవుతాడు" అని చెప్పింది. అమ్మ మెట్లు దిగి, చెప్పులు విడిచి, మూడు దోసిళ్ళు వదిలి వచ్చింది. మూడోది ఎవరికని నేను అడగలేదు.

పిచ్చుకలంక, బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం చేరేసరికి పదకొండయింది. రోడ్డు వెంట ప్రతి రెండో ఇంటి ముందూ పూతరేకుల బోర్డు ఉంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి బోర్డుల మీద ఆ మాట కూడా పెద్ద అక్షరాలతో రాయించుకుంటున్నారు. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, రేకు తీసే ఆవిడ పని చేస్తుంటే అరగంట చూశాము. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది, కింద ఎండు కొబ్బరాకు మండుతోంది. పలచని బియ్యప్పిండి నీళ్ళలో తెల్లని పాత గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒక్కసారి అలా లాగుతుంది. గుడ్డ దాటిన చోట కనురెప్ప పాటులో పొర ఆరిపోతుంది, అంచు లేచి వంకర తిరుగుతుంది, గోటితో ఆ అంచు పట్టుకుని ఆవిడ పొరనంతా పైకి ఎత్తేస్తుంది. ఎత్తిన రేకును వెలుతురుకు అడ్డం పెడితే అవతల మనిషి కనిపించాడు. నేను ప్రయత్నిస్తానంటే ఆవిడ నవ్వి గుడ్డ చేతికిచ్చింది. మూడు రేకులు చింపాక, "ఏళ్ళు కాల్తేనే గానీ రాదండి ఇది, ఆయ్" అని మెల్లగా గుడ్డ వెనక్కి తీసుకుంది. బెల్లం, నెయ్యి, జీడిపప్పు పెట్టినవి ఒక్కోటి 20 రూపాయలు. పది కొన్నాము. డబ్బులిచ్చేటప్పుడు ఆవిడ అమ్మను పరకాయించి చూసి, ఈ సీమలో ఎవరైనా అడిగే మాటే అడిగింది: "ఎవరి తాలూకండీ మీరు?" అమ్మ ఊరి పేరు, ఇంటి పేరు చెప్పింది. ఆవిడ అక్కడి నుంచి తన పెదమామగారి వియ్యాలవారి దాకా వెళ్ళి ఎక్కడో ఒక చుట్టరికం కలిపింది. పూతరేకులు పదకొండు అయ్యాయి.

కొత్తపేట దాటాక మా కారు తప్పు గట్టు ఎక్కింది. కోనసీమలో రోడ్లు ఎక్కువగా కాలవ గట్ల మీద పోతాయి. ఎడమ గట్టు ఎక్కవలసినవాడు కుడి గట్టు ఎక్కితే, పోవలసిన ఊరు కాలవకు అవతల ఒడ్డున, కొబ్బరి చెట్ల మధ్య నుంచి కనిపిస్తూనే ఉంటుంది గాని, వంతెనో లాకులో వచ్చేవరకు చేరే దారి ఉండదు. డ్రైవరు రాజమండ్రి కుర్రవాడు, ఫోను చెప్పినట్టు తోలాడు. అమ్మకు పన్నెండేళ్ళుగా ఈ దారిన కారులో రావడం అలవాటు తప్పింది. ఒక చోట సైకిలు మీద కొబ్బరి గెలలు కట్టుకుని పోతున్న పెద్దాయనను ఆపి అడిగితే, ఆయన సైకిలు స్టాండు వేసి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, ముందు మంచినీళ్ళు కావాలా అని అడిగి, ఆ తరువాతే దారి చెప్పాడు. "వెనక్కి తిరక్కండి, పెళ్ళికెళ్ళే బండి తిరక్కూడదు" అన్నాడు. మేము పెళ్ళికి వెళ్ళడం లేదని అమ్మ చెప్పలేదు. ముందుకే పోయి, నాలుగు కిలోమీటర్ల తరువాత వంతెన దాటాము.

ఆలస్యం వల్ల అంబాజీపేటలో టిఫిను వేళ దాటిపోయింది, పొట్టిక్కలు దొరకవనుకున్నాము. ఒక బండి దగ్గర ఆఖరి ఆరు మిగిలాయి. పనసాకులు నాలుగు కలిపి పుల్లలతో కుట్టిన బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. విప్పితే ఆకు ఈనెల అచ్చు ఇడ్లీ మీద పడి ఉంటుంది, పనసాకు వాసన పట్టి ఉంటుంది. మేము వేసవి సెలవులకు వచ్చిన ప్రతిసారీ మొదటి ఉదయం అమ్మమ్మ ఇవే చేసేది. తెల్లవారుజామున లాంతరు పెట్టుకుని ఆకులు కుట్టేది. మేము లేచేసరికి పదిహేను బుట్టలు వరుసగా ఉండేవి. ఆవిడ ఎప్పుడు నిద్రపోయేదో నాకు ఈనాటికీ తెలియదు.

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలవను దాటించే అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా లేదనకుండా అన్నం పెట్టింది. ఇప్పుడు రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే. కింద ఏరు, పైన కాలవ, పక్కన మనము. అమ్మ కిటికీ అద్దం దించి నమస్కారం పెట్టింది. అమ్మమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా బస్సులోనే లేచి నిలబడి దండం పెట్టేదట.

జనవరి 23, గురువారం: లంక ఊరు

ఏటిగట్టు దిగగానే ఊరు మొదలవుతుంది. మావయ్య పాత పెంకుటింటిని తీయకుండా పక్కనే డాబా వేసుకున్నాడు. అమ్మమ్మ పెంకుటింట్లోనే ఉండేది. వీధి అరుగు మీద తూర్పు వైపు స్తంభానికి ఆనుకుని కూర్చునే చోట సున్నం అరిగి, వీపు ఆనినంత మేర నున్నగా, కొంచెం నల్లగా ఉంది. ఈసారి సంక్రాంతికి ఇల్లంతా వెల్ల వేయించినా ఆ ఒక్క చోటు వదిలేయమని అత్తయ్య చెప్పిందట.

పొద్దున్నే ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాము. బీరువా, భోషాణం, అటక, దేవుడి అర అన్నీ చూశాము. పట్టుచీరలు రెండు, మా అందరి పెళ్ళి శుభలేఖలు, నా పదో తరగతి మార్కుల జాబితా నకలు, తాతయ్య కళ్ళజోడు దొరికాయి. లేసు లేదు. నలభై ఏళ్ళు లేసు అల్లిన మనిషి ఇంట్లో ఒక దిండు గలేబుకు కూడా లేసు అంచు లేదు.

మధ్యాహ్నం, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళకు నూలు పంచిన ఏజెంటు తాతగారు మమ్మల్ని చూడడానికి వచ్చారు. ఆయనకు ఎనభై దాటాయి. మజ్జిగ తాగి, చేతికర్ర పక్కన పెట్టుకుని, నా ప్రశ్న విని తల ఊపారు.

"ఉండదమ్మా. ఎలా ఉంటుంది? నరసాపురం షావుకార్ల దగ్గర నూలు తెచ్చి, తూచి ఇచ్చేవాళ్ళం. లేసు అల్లాక మళ్ళీ తూచి తీసుకునేవాళ్ళం. తూకం తగ్గితే కూలిలో కోత పడేది. ముక్క దాచుకుంటే దానికీ కోతే. మీ అమ్మమ్మగారి తూకం మాత్రం నా ఎరుకలో ఎన్నడూ తగ్గలేదు."

ఆయన ఇంకా చాలా చెప్పారు. ఒక్కొక్క ఆడమనిషి ఒక్కొక్క భాగమే అల్లేది. పువ్వులూ చక్రాలూ అల్లడం చేతిపని, వాటిని ఒకదానికొకటి కలపడం అతుకుపని. చేతిపని చేసేవాళ్ళలో ఎందరో పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో చూడకుండానే ఒక జీవితకాలం పువ్వులు అల్లారు. అదంతా ఓడలెక్కి పరదేశాలకు పోయేది. అమ్మమ్మది చేతిపని.

నేను చిన్నతనం నుంచి విన్న మాట వేరు. ఇంట్లో ఎవరిని అడిగినా, "అమ్మమ్మ ఖాళీగా ఉన్నప్పుడు ఊసుపోక లేసు అల్లేది" అనేవారు. బంధువుల పొగడ్త కూడా "పిల్లల కోసమే బతికింది" అన్నంత వరకే ఆగేది. వండింది, కడిగింది, పురుళ్ళు పోసింది అని చెప్పేవారు గాని, సంపాదించింది అని నేను ఎవరి నోటా వినలేదు.

సాయంత్రం మావయ్య అటక చివరనుంచి బియ్యం డబ్బా వెనుక ఇరుక్కున్న ఒక బిస్కట్ల రేకు డబ్బా, నూనె మరకల లెక్కల పుస్తకం ఒకటి దించాడు. అమ్మ ముందు పుస్తకం తెరిచింది. కొన్ని పుటలు తిప్పి ఆగిపోయింది. "ఇది నా రాత" అంది.

అమ్మమ్మకు చదువు రాదు. 1975లో అమ్మకు పద్నాలుగేళ్ళు. రోజూ రాత్రి అమ్మమ్మ చెబుతూ ఉంటే అమ్మ రాసేది, పెద్దయ్యాక ఆ సంగతే మరిచిపోయింది. నీలం సిరాతో, గుండ్రని బడిపిల్ల అక్షరాలతో ఒక పుట ఇలా ఉంది: "నూలు కట్టలు 2, కూలి 8.00. తమ్ముడికి చొక్కా గుడ్డ 5.50. కిరసనాయిలు 0.90. పరీక్ష ఫీజుకి పక్కన పెట్టినవి 1.60." ఆ కింద మరో వారం, మరో వారం, ప్రతి పుటలోనూ "పక్కన పెట్టినవి" అన్న పద్దు తప్పకుండా ఉంది. ఆరు వారాల తరువాత "పరీక్ష ఫీజు కట్టాము" అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి ఉంది. అమ్మ ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసింది. ఆ రెండు గీతల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.

రేకు డబ్బాలో తెల్లని లేసు పువ్వులు ఉన్నాయి. ఒక్కోటి పావలా కాసుకు రెండింతలు ఉంటుంది. లెక్కపెడితే ఇరవై మూడు. పక్కన చుట్టచుట్టిన అంచు ఒకటి, సగం ఉండ నూలు, సూదికి ఇంకా తగిలించే ఉన్న సగం పువ్వు. ఏజెంటు తాతగారికి కబురు చేస్తే మళ్ళీ వచ్చి, నూలు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి చెప్పారు. "ఇది నేనిచ్చిన నూలు కాదు. నేను పని మానేసి పదేళ్ళు దాటింది. ఇది బజారులో కొన్న ఉండ."

ఆవిడ తన డబ్బుతో నూలు కొనుక్కుని, తన కోసమో మాలో ఎవరి కోసమో అల్లుకుంటున్న మొదటి లేసు అదన్నమాట. ఆ చివరి సంవత్సరాలలోనే నేను ఫోను చేసినప్పుడల్లా, "ఇంకా ఆ దారాలేమిటమ్మమ్మా, కళ్ళు పోతాయి, మానెయ్" అని కోప్పడేదాన్ని. "అలాగేనమ్మా" అనేది. ఆ మాట అన్నందుకు నేను పడుతున్న బాధ ఇక్కడ రాయకుండా ఉండలేను.

జనవరి 24, శుక్రవారం: సంవత్సరీకం

పంతులుగారు తొమ్మిదింటికి వచ్చారు. మావయ్య ఏట్లో మునిగి వచ్చి పిండప్రదానం చేశాడు. కార్యక్రమం గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు, వంటల గురించి మాత్రం ఉంది.

ఊళ్ళో ఆడవాళ్ళు పదిమంది తెల్లవారకుండానే కత్తిపీటలతో సహా వచ్చేశారు. ఎవరినీ ఎవరూ పిలవలేదు. అమ్మమ్మ వాళ్ళ ఇళ్ళకు అలాగే వెళ్ళేదట. ఒకరు పనసకాయ పొట్టు కొడుతున్నారు, ఒకరు కంద చెక్కు తీస్తున్నారు, ఇద్దరు రోట్లో ఆవ నూరుతున్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, అరటికాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు, గారెలు, పరమాన్నం చేశారు. పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలన్న దాని మీద వాదన వచ్చింది. ఒకావిడ పొయ్యి మీద ఉండగానే కలపబోతే, వెనుక నుంచి ముసలావిడ, "దింపి, చెయ్యి పెట్టగలిగినంత చల్లారాక కలపాలి, వేడి మీద కలిపితే చేదెక్కుద్దని ఆవిడ నాకు చెప్పింది" అని ఆపేసింది. ఆవిడ అంటే అమ్మమ్మ. ఇక వాదన లేదు.

విస్తళ్ళు వేశాక ఈ ఊరి పద్ధతి నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. వడ్డించేవాళ్ళు వద్దన్నా ఒక్కసారి వేస్తారు. రెండోసారి అరచెయ్యి అడ్డం పెడితే చేతి పక్కనుంచి వేస్తారు. మూడోసారి విస్తరి మీదకు ఒంగితే అప్పుడు నమ్ముతారు. పంక్తిలో చివరివాళ్ళు తినేవరకు మొదటివాళ్ళు లేవరు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, పెరుగన్నంలో చెయ్యి ఆరిపోతున్నా లేవకుండా, 1986 వరద గురించి చెప్పారు.

ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ దాన్ని మించిన వరద లేదు. లంక ఊళ్ళన్నీ నీళ్ళలో మునిగి, జనం ఏటిగట్టు మీదకు చేరారు. పడవ చివరిసారి వచ్చినప్పుడు అమ్మమ్మ మొలలోతు నీళ్ళలో గుమ్మంలో నిలబడి, నెత్తి మీద ఇత్తడి బిందె పెట్టుకుని ఉందట. పడవవాడు బిందె వదిలేసి ఎక్కమంటే ఎక్కనందట. బిందెలో బంగారముందేమో అనుకున్నారు. గట్టు మీద దింపి చూస్తే, పైన రెండు శేర్ల బియ్యం, కింద మైనపు కాగితంలో చుట్టిన అయిదు కట్టల నూలు ఉన్నాయి. "అది ఏజెంటుగారి సొత్తు, తడిస్తే నేనెక్కడ తేను?" అందట. గట్టు మీద తొమ్మిది రోజులు ఉన్నారు. ఆ తొమ్మిది రోజులూ, టార్పాలిను కింద, మా పిన్నిని ఒడిలో పడుకోబెట్టుకుని ఆ నూలు అల్లేసిందని చెబుతూ, ఆయన ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

1996 నవంబరు 6 తుపానుకు ఇంటి వెనుక అరెకరంలో కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో కూలిపోయాయి. మళ్ళీ పాతిన మొక్కలు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పట్టింది. ఆ ఆరేడేళ్ళూ ఇల్లు దేని మీద నడిచిందని నేను అడగనక్కరలేదు.

జనవరి 25, శనివారం: అంతర్వేది, రేవు

అంతర్వేదిలో స్వామి దర్శనానికి పెద్దగా వేళ పట్టలేదు. మాఘమాసంలో కల్యాణోత్సవాలకు పందిళ్ళు వేస్తున్నారు. అక్కడి నుంచి వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి ఆటోలో వెళ్ళాము. ఏటి నీళ్ళ రంగు, సముద్రపు నీళ్ళ రంగు కొంతసేపు విడివిడిగా ఉండి, ఎక్కడ కలిశాయో తెలియకుండా కలిసిపోతున్నాయి. ఆటోవాడు రానూ పోనూ 300 అడిగి, అమ్మ "మాది రాజోలు పక్కనేనయ్యా" అనగానే 200 తీసుకున్నాడు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాము. మనిషికి 20 రూపాయలు. రెండు పడవల మీద బల్లలు పరిచిన పంటు మీద కార్లు, మోటారు సైకిళ్ళు, పాల బిందెలు, బడి పిల్లలు, ఒక మేక అన్నీ ఒకేసారి ఏరు దాటుతాయి. వంతెన చుట్టూ తిరిగి పోవడం కన్నా ఇదే దగ్గర. అమ్మ డబ్బా ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మమ్మ అల్లిన ప్రతి పువ్వూ ఏజెంటు సంచిలో ఈ రేవు దాటే పోయింది.

నరసాపురంలో ఆ రాత్రి ఒక చిన్న పూటకూళ్ళ ఇంట్లో చందువా చేపల పులుసుతో భోజనం చేశాము. ఇద్దరికీ 360 అయింది. ఆ ఇంటావిడ ముళ్ళు తీసి పెట్టనా అని అమ్మను అడిగింది. అరవై నాలుగేళ్ళ అమ్మ, ఎందుకో, తీసి పెట్టమంది.

జనవరి 26, ఆదివారం: నరసాపురం, పాలకొల్లు

ఈ ఊరికి నూలుతో పాత సంబంధం ఉంది. పక్కనే ఉన్న మాధవాయపాలెం పేరు మీదే ఇంగ్లీషు వర్తకులు ఒక రకం నూలు గుడ్డకు మడపొల్లం అని పేరు పెట్టుకున్నారు. లేసు అల్లిక 19వ శతాబ్దంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీల ద్వారా ఇక్కడి ఆడవాళ్ళకు వచ్చింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బజారులో ఒక దుకాణంలో బల్లగుడ్డ చూపించి 2,800 చెప్పారు. అమ్మ దాన్ని కౌంటరు మీద పరిచి, ధర గురించి ఒక్క మాటా అనకుండా, పువ్వులు లెక్కపెట్టింది. నూట నలభై నాలుగు ఉన్నాయి.

దుకాణంవారు చెప్పిన గుర్తులతో, ఊరికి కొంచెం దూరంలో లేసు అల్లే ఒక పిన్నిగారి ఇంటికి వెళ్ళాము. అరుగు మీద నలుగురు కూర్చుని అల్లుతున్నారు. కళ్ళు వీధిలో ఉన్నాయి, మాటలు ఒకరితో ఒకరు, వేళ్ళు మాత్రం ఎవరి ఆజ్ఞా లేకుండా తమంతట తామే కదులుతున్నాయి. పొద్దున్నుంచి దీపాలు పెట్టేవరకు కూర్చుంటే 150 వస్తే గొప్ప అని చెప్పారు. పిల్లలకు నేర్పడం లేదని కూడా చెప్పారు, "మాతోనే పోనివ్వండి" అన్నారు.

అమ్మ డబ్బా తెరిచి ఆ పిన్నిగారి ముందు పెట్టింది. ఆవిడ మొదట చేతులు కొంగుకు తుడుచుకుంది. పువ్వులను ఒక్కొక్కటే తీసి, గుడ్డ మీద వరుసగా పేర్చి, వేలి కొసతో తడుముతూ రెండు కుప్పలుగా విడదీసింది. "ఇవి పదిహేనూ చూపు ఉన్నప్పుడు అల్లినవి. ఇవి ఎనిమిదీ కనపడక, తడుముకుంటూ అల్లినవి. అయినా చూడండి, ముడి ఎక్కడా జారలేదు. చాలా బిగువైన చెయ్యి" అంది. ఆ రెండో కుప్పలో ఒక పువ్వును నాకు ఇచ్చి చూడమంది. ఆరు రేకుల్లో ఒక రేకుకు ఒక కుట్టు ఎక్కువ పడింది, తరువాతి రేకులో ఒక కుట్టు తగ్గించి సరిచేసి ఉంది. గుండ్రం చెడలేదు. చూపు పోయిన మనిషి తప్పు ఎక్కడ పడిందో వేలితో కనిపెట్టి, పక్క రేకులో సరిదిద్దుకుంది.

తరువాత ఆవిడ అంచు విప్పి జానలతో కొలిచింది. "అంచు ముందే అల్లి పెట్టుకున్నారు. నాలుగు పక్కలు, పక్కకు ఆరేసి. అంటే ముప్పై ఆరు పువ్వులు ఉండాలి."

"ఇంకా పన్నెండున్నర" అంది అమ్మ.

కావాలంటే తాను అల్లి, అతికి ఇస్తానని పిన్నిగారు అంది. అమ్మ కొద్దిసేపు మాట్లాడలేదు. తరువాత, నేర్పుతారా అని అడిగింది. చిన్నప్పుడు అమ్మ సూది ముట్టుకుంటే అమ్మమ్మ చేతి మీద కొట్టి పుస్తకం ఇచ్చేదట. నేర్పమని ఎంత ఏడ్చినా నేర్పలేదట. పిన్నిగారు పక్కకు జరిగి చోటిచ్చింది. గొలుసు కుట్టు, దాని మీద కమ్ము, మళ్ళీ గొలుసు, అలా రెండు గంటలు గడిచాయి. అమ్మ అల్లిన మొదటి పువ్వును ఆవిడ అరచేతిలో పెట్టుకుని చూసి, "వదులండి" అని దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. పువ్వంతా విడిపోయి ముడతల దారంగా మిగిలింది. అమ్మ నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది. డబ్బులివ్వబోతే ఆవిడ పుచ్చుకోలేదు, అదే రకం నూలు ఉండ ఒకటి మాత్రం 60 రూపాయలకు ఇచ్చింది.

పాలకొల్లులో రైలుకు ముందు రెండు గంటలు దొరికాయి. క్షీరారామం గోపురం కింద నిలబడి మెడ నొప్పెట్టేంత పైకి చూసి, దిబ్బరొట్టె కోసం వెతికాము. మూకుడులో వేసి, మూత మీద నిప్పులు పెట్టి, రెండు వేళ్ళ మందాన కాల్చిన మినప రొట్టె అది. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. పక్కన చెరకు పానకం పోసి ఇచ్చారు. ఒక్కోటి 50 రూపాయలు. అమ్మ అడుగు ముక్క విరిచి నా ఆకులో వేసింది. అమ్మమ్మ రొట్టె విరిస్తే అడుగు ముక్క ఎప్పుడూ మా ఆకులోనే పడేది, ఆవిడకు మెత్తనిదే ఇష్టమని చెప్పేది. అమ్మకు కూడా మెత్తనిదే ఇష్టమట. నేను ఆ ముక్కను రెండుగా విరిచి సగం తిరిగి అమ్మ ఆకులో వేశాను.

ఇంటికి వచ్చాక అమ్మ రోజూ మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుంటోంది. ఆ సగం పువ్వును మాత్రం ముట్టుకోలేదు, సూదితో సహా డబ్బాలోనే ఉంచి, తనకు వేరే సూది తెచ్చుకుంది. నిన్న సాయంత్రం దీపాల వేళకు తన మూడో పువ్వు పూర్తి చేసి, అమ్మమ్మ పువ్వు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి వేలితో రెండింటినీ తడిమి చూసింది. వదులుగా ఉందని లాగేసింది. దారం మళ్ళీ ఉండకు చుట్టి, గొలుసు కుట్టు వేయడం మొదలుపెట్టింది.